వ్యాధిగ్రస్తుడైన సేవకుడు పిలుపునకు తప్పినవాడా?

దేవుడు ఒక మనుష్యుని పిలిచి దూరదేశమునకు పంపినప్పుడు, ఆ పనికి కావలసిన శరీరబలమును కూడ ఆయనయే దయచేయునని విశ్వాసులు సహజముగా తలంచుదురు. పంపినవాడు శక్తిమంతుడు, పని ఆయనది. అట్లయిన పనివాడు పడిపోవుట ఏల? అయినను పడిపోవుచునే యున్నాడు. చలిజ్వరము, టైఫాయిడు, కామెర్లు, క్షయ, మనోవేదన, ఇవి యేవియు ఇది దైవసేవకుని గడప యని తెలిసి వెనుకకు మరలవు. స్వస్థలమున జబ్బు చేసినయెడల తల్లి చేయి నొసట నుండును. పరదేశమున పడకయొద్ద నున్నది పరాయి భాష, పరాయి అన్నము, పరాయి వైద్యుడు. శరీరబాధకంటె లోతైన మరియొక బాధ అచ్చట ఆరంభమగును. ఇచ్చటనే నిలువవలెనా, ఇంటికి మరలవలెనా? మరలినయెడల ప్రభువును విడిచిపోయినట్లగునా? ఈ ప్రశ్నకు ఏ ఔషధమును పనిచేయదు.

ఈ ప్రశ్న నేటి కాలమున మిక్కిలి స్పష్టముగా కనబడు చోటొకటి కలదు. అమెరికాలో యూటా రాష్ట్రమందలి సాల్ట్ లేక్ నగరము కేంద్రముగా గల కడవరి దిన పరిశుద్ధుల సంఘమువారు, అనగా సామాన్యముగా మోర్మనులని పిలువబడువారు, తమ యౌవనస్థులను లోకమందలి అనేక దేశములకు పంపుచున్నారు. హైదరాబాదులోను వారి సంఘములు కలవు. త్రిత్వమును గూర్చియు, బైబిలుతోపాటు వారు ప్రమాణముగా ఎంచు ఇతర గ్రంథములను గూర్చియు ప్రొటెస్టంటు సంఘములకును వారికిని గల భేదము చిన్నది కాదు. దానిని దాచుట ప్రేమ కాదు. అయితే పరదేశమున వణకుచు పడియున్న 19 ఏండ్ల బిడ్డను, నీవు ఏ విశ్వాసప్రమాణము చదువుదువని జ్వరము అడుగదు. వారి శ్రమనుండి ఇతరులు నేర్చుకొనదగినది కలదు.

వారి ఏర్పాటు ఇట్టిది. యువకులకు 24 నెలలు, యువతులకు 18 నెలలు సేవాకాలము. వ్యయములో గొప్పభాగమును తామైనను తమ కుటుంబమైనను భరింతురు. వెళ్లవలసిన దేశమును తామై ఎన్నుకొనరు, సంఘమే నియమించును. ఇద్దరిద్దరుగా నివసింతురు. ఒకరినొకరు చూడగలిగి వినగలిగినంత దూరములోనే యుండవలెనని నియమము. ప్రభువును తన శిష్యులను ఇద్దరిద్దరిగానే పంపెను గదా. అయితే ఒకడు రోగియై గదిలో పడియున్నప్పుడు రెండవవాడును ఆ గదిని విడువలేడు. కాబట్టి రోగి తన నొప్పినే గాక, తనవలన నిలిచిపోయిన సహవాసి దినములను కూడ లెక్కించును. 2019 నుండి వారమున కొకసారి ఇంటివారితో ఫోనులో మాటలాడుటకు వారికి సెలవు దొరకినది. అంతకుమునుపు అట్టి మాటలు సంవత్సరమునకు రెండుసార్లే. తల్లి ఆరోగ్యమెట్లున్నదని అడుగును. రాత్రులు నిద్రలేకున్నను, తిన్నది కడుపున నిలువకున్నను, బాగుగానే యున్నానను జవాబు వచ్చును. గడువు తీరకమునుపే తిరిగివచ్చినయెడల ఊరివారి చూపు ఎట్లుండునో ఆ బిడ్డకు తెలియును. ఆరోగ్యకారణముచేత ముందుగా మరలినవారు ఇంటియొద్దనుండియే చేయదగిన సేవను ఆ సంఘము ఏర్పరచినది. అయినను నియమము మారినంత త్వరగా మనుష్యుల చూపు మారదు.

ఇది మోర్మనుల యింటి సంగతి మాత్రమే కాదు. ఒకప్పుడు సేవకులను అందుకొనిన తెలుగు సంఘములు నేడు సేవకులను పంపుచున్నవి. ఒడిశా కొండలలోను, ఉత్తరాది పల్లెలలోను, సముద్రమునకు ఆవలను తెలుగు బిడ్డలు పరిచర్య చేయుచున్నారు. వారికి 24 నెలల గడువు లేకపోవచ్చును. వేరొక కొలత కలదు. ఎందరు బాప్తిస్మము పొందిరి, ఎన్ని గ్రామములు దర్శింపబడెను అను నివేదిక కలదు. ఆ నివేదికలో జ్వరమునకు గడి లేదు. కాబట్టి అచ్చటనుండియు బాగుగానే యున్నానను జవాబే వచ్చును.

ఈ మౌనము పరిశుద్ధముగా కనబడుటకు కొన్ని కారణములు గలవు. మొదటిది, చేసిన ప్రతిజ్ఞ. నాగటిమీద చెయ్యి వేసి వెనుకతట్టు చూచువానిని గూర్చి ప్రభువు పలికిన మాట రోగి చెవిలో మ్రోగుచుండును. రెండవది, పంపినవారి ధనము. విధవరాలి కాసులతో కొనబడిన ప్రయాణపు చీటిని మధ్యలో చింపివేయుట ఎట్లు? మూడవది, పూర్వికుల మాదిరి. వ్యాధితోనే పనిచేసి వ్యాధితోనే మరణించిన భక్తుల చరిత్రలను బాల్యమునుండి వినిన విశ్వాసికి, బ్రదికి యింటికి వచ్చుట వారి సమాధులకు అవమానమని తోచును.

ఆ చరిత్రలనే కొంచెము నిదానముగా చదువవలెను. హెన్రీ మార్టిన్ పేరు ఎరుగనివారు అరుదు. కేంబ్రిడ్జిలో గణితశాస్త్రమున ప్రథముడై, 1806లో కలకత్తా చేరి, దానాపురములోను కాన్పూరులోను ఉండి ఉర్దూ భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసెను. క్షయవ్యాధి తన్ను తినుచుండగా పారసీకమునకు వెళ్లి, షీరాజు నగరమున నివసించి, 1812లో పారసీక క్రొత్త నిబంధనను ముగించెను. అదే సంవత్సరము అక్టోబరు 16న తుర్కీలోని తోకాతు పట్టణమున 31 ఏండ్ల ప్రాయమున మరణించెను. దేవుని కొరకు కాలిపోయిన దీపమని అతనిని పొగడువారు ఒక సంగతిని తరచుగా మరచిపోవుదురు. తోకాతు అతని సేవాస్థలము కాదు, ఇంటిదారిలోని ఒక మజిలీ. తర్జుమా ముగిసిన తరువాత, ఆరోగ్యమును తిరిగి పొందుటకై ఇంగ్లండునకు వెళ్లుచుండగా అతడు ఆ త్రోవలో పడిపోయెను. ఇంటికి పోరాదని మార్టిన్ ఎన్నడును బోధింపలేదు. ఆ ధర్మశాస్త్రమును తరువాతివారు అతని సమాధిమీద వ్రాసిరి.

లేఖనములును ఈ విషయమున మౌనముగా లేవు. ఫిలిప్పీ సంఘమువారు చెరలోనున్న పౌలునకు కానుకనిచ్చి ఎపఫ్రొదితును పంపిరి. అతడు పంపబడినవాడు. దూరప్రయాణము చేసినవాడు. అచ్చట రోగియై చావునకు సిద్ధమయ్యెను. దేవుడు అతనిని కనికరించెను. తాను రోగియైన సంగతి ఇంటివారు వినిరని అతడు మిగుల విచారపడుచుండెనట. పరదేశమున రోగి పడు బాధలో సగము ఇదియే గదా. అప్పుడు పౌలు చేసినదేమి? తనకు సహాయము కావలసియుండగానే అతనిని ఇంటికి పంపివేసెను. అంతటితో ఊరకుండక, పూర్ణానందముతో అతనిని చేర్చుకొని అట్టివారిని ఘనపరచుడని సంఘమునకు వ్రాసెను. ఏలయనగా క్రీస్తు పనికొరకు అతడు ప్రాణమును లక్ష్యపెట్టలేదు. ఆ పత్రికను మోసికొనిపోయినవాడు ఎపఫ్రొదితే అని వ్యాఖ్యాతలు సామాన్యముగా తలంచుదురు. పౌలు తెలివి ఎంత మృదువైనదో చూడుడు. తిరిగివచ్చువాని విషయమై ఊరివారు గుసగుసలాడకమునుపే, వారు చదువవలసిన తీర్పును అతని చేతికే ఇచ్చి పంపెను.

మరియొకడు త్రోఫిము. అతడు రోగియైనందున పౌలు అతనిని మిలేతులో విడిచివచ్చెను. ఎందరినో స్వస్థపరచిన అపొస్తలుడు తన జతపనివానిని స్వస్థపరచి వెంట తీసికొని రాలేకపోయెను. ఆ సంగతిని అతడు దాచలేదు. త్రోఫిమునకు విశ్వాసము చాలలేదని ఒక్క మాటయు వ్రాయలేదు. తిమోతి కడుపు జబ్బునకు ప్రార్థనతోపాటు పథ్యమును చెప్పెను.

మార్కు అను మారుపేరుగల యోహాను మాత్రము పంఫూలియలో పరిచారకులను విడిచి యింటికి వెళ్లినందుకు పౌలు నొచ్చుకొనెను. అతడు ఎందుకు వెళ్లెనో లేఖనము చెప్పలేదు. నేటి సంఘములు చేయు పొరపాటు ఇచ్చటనే యున్నది. తిరిగివచ్చిన ప్రతివానిలోను వారు మార్కునే చూచుచున్నారు, ఎపఫ్రొదితును చూచుటలేదు. పౌలు తన చివరి దినములలో ఆ మార్కునుగూడ పరిచారమునకు ప్రయోజనకరుడని పిలిపించుకొనెను గదా. నిజముగా తప్పిపోయినవానికే అంత కనికరము దొరకినయెడల, వ్యాధిచేత మరలినవానికి ఇంకెంత దొరకవలెను!

ప్రశ్నయొక్క వేరు ఇది: దేవుని పిలుపు ఎవరియొద్దకు? చైనాకా, ఆఫ్రికాకా, నెల్లూరికా? లేక ఆయనయొద్దకేనా? పిలుపు స్థలమునకే అయినయెడల, స్థలమును విడుచుట పిలుపును విడుచుటయగును. పిలుపు ప్రభువునకైనయెడల, స్థలములు మారును గాని పిలుపు మారదు. రోగి ఓడ యెక్కినప్పుడు ప్రభువు రేవున నిలిచిపోడు.

హడ్సన్ టేలర్ 1854లో షాంగై చేరి, ఆరేండ్లు పనిచేసి, 1860లో దేహము కృశించి ఇంగ్లండునకు మరలెను. అతనికి అప్పటికి 28 ఏండ్లు. లండనులో గోడమీద చైనా పటమును తగిలించుకొని, నింగ్బో మాండలికమున క్రొత్త నిబంధనను సవరించుచు, వైద్యవిద్యను ముగించుచు కాలము గడపెను. ఏ ఒక్క నౌకాశ్రయమునకో పరిమితమైన పని అతని కన్నులయెదుట తొలగిపోయి, సువార్త వినని లోపలి రాష్ట్రములు ఆ పటములో కనబడెను. 1865 జూన్ 25న బ్రైటన్ సముద్రతీరమున 24 మంది పనివారికొరకు అతడు ప్రార్థించెను. చైనా ఇన్లాండ్ మిషను ఆ సంవత్సరముననే పుట్టెను.

ఇంతకంటె సమీపమైన నిదర్శనము తెలుగు నేలమీదనే కలదు. అమెరికను బాప్తిస్టు తెలుగు మిషనుకు ఆద్యుడైన శామ్యూల్ డే 1836లో ఈ దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. 1845 చివర ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్లవలసివచ్చెను. ఫలములేని ఈ మిషనును మూసివేయవలెనను ఆలోచన బోర్డువారికి కలిగినప్పుడు, తెలుగువారి పక్షముగా అచ్చట మాటలాడుటకు నెల్లూరు ఎండలో కృశించిన ఆ మనుష్యుడున్నాడు. 1848లో లైమన్ జూయెట్టును వెంటబెట్టుకొని అతడు మరల ఓడ యెక్కెను. 1853లో వ్యాధి అతనిని శాశ్వతముగా స్వదేశమునకు చేర్చెను. తరువాత జూయెట్టును ఆరోగ్యము చెడి వెళ్లెను. అప్పుడును మిషను మూయుదమనిరి. అప్పుడును రోగియే ఎదురుపలికెను. అతడు మరల వచ్చునప్పుడు జాన్ క్లౌ అను యువకుడు వెంట వచ్చెను. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ లెక్కను తెలుగు సంఘములు తరచుగా చెప్పుకొనును. దాని వెనుక ఇద్దరు రోగుల ఓడప్రయాణములున్నవని చెప్పుకొనుట అరుదు.

అయితే ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఫలము కలిగినది గనుక ఆ వ్యాధి మేలైనది, ఆ మరలుట తగినది అని వాదించినయెడల, ఫలము కనబడనివాని గతి ఏమి? ప్రతి రోగియు టేలర్ కాడు. ఎందరో ఇంటికి వచ్చి, కోలుకొని, ఒక చిన్న ఉద్యోగమున చేరి, మరల ఎన్నడును ఓడ యెక్కలేదు. ఎందరో కోలుకొననేలేదు. వారి పేర్లు ఏ మిషను చరిత్రలోను లేవు. వారు వ్యర్థులా? ఎపఫ్రొదితు ఇంటికి చేరిన తరువాత ఏమి చేసెనో లేఖనమున ఒక్క మాట లేదు. అతడు మరల సువార్తయాత్ర చేసెననియు, సంఘములు స్థాపించెననియు చెప్పబడలేదు. ఘనపరచుడను ఆజ్ఞ అతని భవిష్యత్తుమీద ఆధారపడలేదు. యజమానుడు సేవకుని ప్రేమించుట కూలి లెక్కనుబట్టి కాదు. ఈ మాటను బాగుగా ఉన్న దినములలో నమ్ముట సుళువు. చేతగాని దినములలో నమ్ముటయే విశ్వాసము.

ఏమీ కార్మైకేల్ అను ఐర్లండు దేశస్థురాలు ఈ పాఠమును రెండు విధములుగా నేర్చుకొనెను. 1893లో జపానునకు వెళ్లి, ఏడాది దాటగానే ఆరోగ్యము చెడి మరలెను. 1895లో దక్షిణదేశమునకు వచ్చి, దోనావూరులో అనాథ బాలలకు తల్లియై, ఇంగ్లండు ముఖము మరల చూడలేదు. 1931లో పడి గాయపడినది మొదలు 1951లో మరణించువరకు ఆమె జీవితము బహుగా ఒక గదికే పరిమితమాయెను. ఆ పడకమీదనుండి ఆమె వ్రాసిన పుస్తకములలో ఒకటి రోగులకొరకు రోగియే వ్రాసినది. ఒకప్పుడు ఆమె మరలెను, మరియొకప్పుడు నిలిచెను. రెండును విధేయతయే. కాబట్టి అందరును మరలవలెననియు చెప్పరాదు, అందరును నిలువవలెననియు చెప్పరాదు. గలతీయులకు పౌలు మొదట సువార్త ప్రకటించినది శరీరదౌర్బల్యము కలిగినందుననే. ప్రతి తలనొప్పియు ఓడ యెక్కుటకు పిలుపు కాదు. సోమరితనము కూడ కొన్నిసార్లు రోగమువలె మూలుగును. ఏది యేదియని తేల్చుట ఒంటరిగా జ్వరములో చేయవలసిన పని కాదు. వైద్యుడును, పెద్దలును, తోటి పనివాడును కూడి ప్రార్థనతో తేల్చవలసిన పని.

అట్లు తేల్చుటకు రోగి మొదట నోరు తెరవవలెను. యాకోబు పత్రికలో రోగికి ఇవ్వబడిన ఆజ్ఞ యేమి? సంఘపు పెద్దలను పిలిపింపవలెను. పెద్దలే వెదకికొని రావలెనని కాదు, అతడే పిలిపింపవలెను. అనగా తన వ్యాధిని చెప్పుట విశ్వాసహీనత కాదు, విశ్వాసమునకు మొదటి మెట్టు. బాగుగానే యున్నానను అబద్ధము ఎంత భక్తితో చెప్పబడినను అబద్ధమే. దానిమీద దేవుని మహిమ నిలువనేరదు.

ఔషధమును గూర్చియు ఇట్లే. హడ్సన్ టేలర్ మొదటి ప్రయాణమున తుపాను వచ్చినప్పుడు, నీట తేలించు పట్టీని ఉంచుకొనుట దేవునియందలి నమ్మికకు విరుద్ధమని తలంచి ఇతరులకిచ్చివేసెను. తరువాత అది పొరపాటని గ్రహించి, సాధనములను వాడుట నమ్మికను కొట్టివేయదని నేర్చుకొనెను. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా పురుగును కనుగొనెను. అంతకుమునుపు చలిజ్వరమున చనిపోయిన సేవకులు తమ శత్రువు ఎవరో ఎరుగక చనిపోయిరి. ఎరిగినవారు దోమతెరను నిర్లక్ష్యపెట్టి దానిని విశ్వాసమని పిలుచుట తగదు.

మనోవ్యాధిని గూర్చి సంఘము మరింత మెల్లగా మాటలాడవలెను. విలియం కేరీ భార్య డొరతీ మొదట ఇంగ్లండును విడుచుటకు ఇష్టపడలేదు. బంగాళదేశమున 1794లో కుమారుడు పీటరు చనిపోయిన తరువాత ఆమె మనస్సు చెదరెను. 1807లో మరణించువరకు అది కుదుటపడలేదు. కేరీ తర్జుమాలను స్తుతించు సంఘము ఆమె గదిని దాటి తొందరగా పోవును. బదరీవృక్షము క్రింద చావును కోరుకొనిన ఏలీయాను దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చబడిన అప్పమును నీళ్లబుడ్డిని చూపెను. మరల నిద్రపోనిచ్చెను. తరువాతనే అతనితో మాటలాడెను. పరలోకపు వైద్యము అన్నముతోను నిద్రతోను ఆరంభమైనప్పుడు, మనుష్యులు ప్రసంగముతో ఆరంభింపవచ్చునా?

పంపు సంఘములకు ఇచ్చట స్పష్టమైన బాధ్యత కలదు. పంపుటకు ముందు దేహపరీక్ష చేయించుటయు, వైద్యమునకు ధనము వేరుగా ఉంచుటయు, ఆత్మలెంతమంది అని అడుగుటకు ముందు అన్నము సహించుచున్నదా అని అడుగుటయు అందులోనివే. జబ్బు చేసెనని వ్రాసిన సేవకుని జాబునకు ప్రత్యుత్తరము వెంటనే వెళ్లవలెను. అందులో మొదటి మాట లెక్కలను గూర్చినది కారాదు. ఇంటికి మరలినవానిని ఆదివారమున వెనుక బల్లమీద ఒంటరిగా కూర్చుండనియ్యరాదు. పంపిననాడు సంఘము అతని తలమీద చేతులుంచెను. వచ్చిననాడు ఆ చేతులను వెనుకకు తీసికొనరాదు.

ఫిలిప్పీలో ఆ దినమున ఏమి జరిగెనో లేఖనము చెప్పలేదు. ప్రాణము మాత్రము మిగిలిన ఒక మనుష్యుడు చేత పత్రికతో పట్టణద్వారమును సమీపించెను. కానుక మోసికొనిపోయిన నాటి బలము అతనికి లేదు. ద్వారమునొద్దకు ఎవరు ఎదురువచ్చిరో, వచ్చి యేమనిరో వ్రాయబడలేదు. ఆ ఖాళీ స్థలమును ప్రతి తరపు సంఘము తానే పూరించుచున్నది.